కంట్రోల్ ‘సి’ కొడితే ‘మ’

అన్ని కంప్యూటర్లకూ ఒకే యాప్ చేసి పంపుతున్నారు. అది ఏ కంప్యూటర్ పద్ధతినీ పాటించదు. ఆ బాధ తెలుగులో టైపు చేసేవాళ్లకు అందరికంటే ముందు తగులుతుంది. ముంబై కామాఠీపుర గల్లీల నుంచి కథనం.

కీబోర్డు మీద వరసగా ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు నొక్కండి. కంప్యూటర్‌లో మరాఠీ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఎంచుకుని ఉంటే తెర మీద దేవనాగరిలో ‘స్త్రీ’ పడుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుని ఉంటే అవే ఆరు మీటలకు మన ‘స్త్రీ’ పడుతుంది. క ఉండే చోటు, పొల్లు ఉండే చోటు, గుడి దీర్ఘం ఉండే చోటు రెండు భాషలకూ ఒకటే. 1980లలో రూపు దిద్దుకుని 1991లో భారతీయ ప్రమాణంగా ఆమోదం పొందిన ఈ అమరికను ఆంధ్రలోనూ తెలంగాణలోనూ డీటీపీ వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లకు అను ఫాంట్లు, ఆపిల్, మాడ్యులర్ అనే కీబోర్డు అమరికలు అలవాటు. కానీ ముంబైలో మరాఠీ బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు రాత తర్వాతెప్పుడో పట్టుబట్టి నేర్చుకున్న కుర్రాడికి ఇది వరమే. వేళ్లు ఒక భాషలో నేర్చిన పని రెండో భాషకు కూలి లేకుండా చేసిపెడతాయి.

ఇలాంటి కుర్రాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. 18వ శతాబ్దం చివర, బొంబాయి దీవుల మధ్య సముద్రపు గండ్లు పూడ్చి నగరాన్ని ఒక్కటిగా కలుపుతున్న రోజుల్లో, నిజాం ఇలాకా నుంచి కూలీలు, మేస్త్రీలు వచ్చి స్థిరపడ్డ పేట కామాఠీపుర. కామాఠీలని బొంబాయి వాళ్లను పిలిచింది, పేటకు ఆ పేరే నిలిచింది. సినిమాలు ఈ పేట గురించి ఒక్క సంగతే చెప్తూ వచ్చాయి. నంబర్లతో పిలిచే ఈ గల్లీల్లో తెలుగు గుళ్లు, తెలుగు కుల సంఘాలు, తెలుగు పెళ్లిళ్లు ఉన్నాయని వాటికి పట్టలేదు. తర్వాత బట్టల మిల్లులు పద్మశాలీలను రప్పించాయి. వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లు, అంటే వరస గదుల కిరాయి ఇళ్లు, వాళ్లతో నిండాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మగ్గం పని తెలిసిన తండ్రుల పిల్లలు కంప్యూటర్ ముందుకు చేరారు.

వాళ్లు కంప్యూటర్ నేర్చింది ఎంఎస్-సీఐటీలో. 2000 దశకం తొలినాళ్ల నుంచి మహారాష్ట్ర అంతటా నడుస్తున్న కోర్సు అది. ప్రభుత్వ కొలువులకు ఆ సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి పదో తరగతి పరీక్షలు కాగానే అందులో చేరడం చాళ్లలో మామూలు సంగతి. ఆ కోర్సులో నేర్పినదాన్ని ఇప్పుడు ఎవరైనా చిన్నచూపు చూడొచ్చు. మూసేయడానికి కుడి పై మూల ఇంటూ గుర్తు. ఆల్ట్ పట్టి ఎఫ్ కొడితే ఫైల్ మెనూ. భద్రపరచడానికి కంట్రోల్ ఎస్, వెనక్కి తీసుకోవడానికి కంట్రోల్ జెడ్. కుడి క్లిక్ కొడితే అక్కడ చేయదగ్గ పనుల జాబితా. ఎఫ్2 కొడితే ఫైలు పేరు మార్చుకోవచ్చు. ఇంగ్లిష్ అంతంత మాత్రమే వచ్చినవాడికి అసలు చదువు ఇదే. మెనూలో మాటలు అర్థం కాకపోయినా, పైనుంచి నాలుగోది నొక్కాలని చేతికి తెలుసు. ఒకసారి వర్డ్‌లో నేర్చింది పేజ్‌మేకర్‌లో పనికొచ్చింది, పేజ్‌మేకర్‌లో నేర్చింది కోరల్‌డ్రాలో పనికొచ్చింది. కొత్త ప్రోగ్రాం వస్తే మళ్లీ ఫీజు కట్టి క్లాసుకు వెళ్లక్కర్లేకపోయింది.

ఆ రోజుల్లో ప్రోగ్రాం రాసేవాళ్లకు ఒక మర్యాద ఉండేది. 1987లోనే ఆపిల్ తన యంత్రాల మీద బొత్తాలు, మెనూలు ఎలా ఉండాలో పుస్తకం వేసింది. అదే ఏడు ఐబీఎం కూడా తన పద్ధతులు ప్రకటించింది, విండోస్ చాలా మట్టుకు వాటినే అందుకుంది. మ్యాక్‌లో మూసే గుర్తు ఎడమ పక్కన, విండోస్‌లో కుడి పక్కన. మ్యాక్‌లో ‘ఓకే’ చివర కుడి వైపు ఉంటుంది, విండోస్‌లో ‘క్యాన్సిల్’కు ముందు వస్తుంది. ఏది మంచిదన్న వాదం ఇప్పటికీ తెగలేదు, తెగనక్కర్లేదు కూడా. ఏ రోటి దగ్గర ఆ పాట పాడితే చాలు. పేజ్‌మేకర్ 1985లో మ్యాక్ మీద పుట్టింది. విండోస్‌కు వచ్చినప్పుడు విండోస్ పాటే పాడింది. కాబట్టి రెండు యంత్రాల మీద నడవడం తప్పేమీ కాదు.

ఇప్పటి సంగతి వేరు. యాప్ అంతా వెబ్ పేజీలా ఒకసారి రాసి, దానికి ఒక బ్రౌజర్‌ను తొడిగి విండోస్‌కూ మ్యాక్‌కూ లినక్స్‌కూ అదే పంపుతున్నారు. ఇందుకు ఎక్కువమంది వాడే సాధనం ఎలక్ట్రాన్. 2013లో గిట్‌హబ్ దీన్ని తన ఎడిటర్ కోసం తయారు చేసుకుంది. కంపెనీకి లాభం కనబడుతూనే ఉంది: మూడు జట్ల పని ఒక జట్టుతో అయిపోతుంది. నష్టం మాత్రం కంపెనీ పద్దులో పడదు. వాడేవాడి వేళ్ల మీద పడుతుంది.

ఎలా పడుతుందో ఒక గల్లీలోని డీటీపీ దుకాణంలో కూర్చుని చూశాను. తలుపు దాటితే రెండడుగుల్లో గోడ తగిలే గది. ఆపరేటర్ కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంది. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌లోంచి పెళ్లివారి చిరునామా ఎంచుకుని, కంట్రోల్ సి కొట్టి పత్రిక నమూనాలో పేస్ట్ చేశాడు. చక్కగా పడింది. తర్వాత ఒక డిజైన్ యాప్ తెరిచి అందులో ఉన్న కల్యాణమంటపం పేరు ఎంచుకుని మళ్లీ కంట్రోల్ సి కొట్టి, తెచ్చి పేస్ట్ చేశాడు. మంటపం పేరుకు బదులు ఇందాకటి చిరునామా మళ్లీ పడింది. ఆయన తిట్టుకోలేదు. టాస్క్‌బార్ మూలన భాషను ఇంగ్లిష్‌కు మార్చి, కాపీ కొట్టి, మళ్లీ తెలుగుకు వచ్చాడు. రోజంతా ఇంతేనట.

ఇందులో మాయ ఏమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో సి మీట మీద ఉండే అక్షరం ‘మ’. విండోస్ పద్ధతిలో రాసిన ప్రోగ్రాం కంట్రోల్‌తో పాటు ఏ మీట నొక్కారో చూస్తుంది. భాష ఏదైనా ఆ మీట సి మీటే, కాబట్టి కాపీ అవుతుంది. వెబ్ పద్ధతిలో యాప్ సొంతంగా షార్ట్‌కట్లు పెట్టుకున్నప్పుడు రాసేవాడికి రెండు దారులుంటాయి: నొక్కింది ఏ మీట అని అడగొచ్చు, ఏ అక్షరం అని అడగొచ్చు. రెండో ప్రశ్న అడిగితే వచ్చే జవాబు ‘మ’. ‘మ’కు ఏం చేయాలో యాప్‌కు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఊరుకుంటుంది. ఇంగ్లిష్ కీబోర్డు మీద తప్ప దేని మీదా పరీక్షించి చూడని యాప్ ఇది. రష్యన్లదీ గ్రీకులదీ ఏళ్లుగా ఇదే మొర. మన మొర వాళ్లదంత గట్టిగా వినిపించలేదు. తెలుగు వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతికి అలవాటు పడ్డారు గనుక వాళ్లకు సి ఎప్పుడూ సి గానే ఉంటుంది. నష్టపోయింది పద్ధతిగా కీబోర్డు నేర్చుకున్నవాళ్లు. నాకు మండేది ఇక్కడే.

ఆ దుకాణంలోనే ఒక పెద్దాయన మనవరాలి లగ్గపత్రిక చూసుకోవడానికి వచ్చాడు. తెర మీద పెళ్లికూతురి పేరు ‘లక్‌ష్‌మి’ అని ఉంది.

“ఇదేంది తమ్మీ, పోరి పేరు గిట్ల ముక్కలు జేసినవ్?”

“నేను జేయలే మామా, సాఫ్ట్‌వేర్ జేసింది. ఆగు, సీదా జేస్త.”

సీదా చేయడానికి ఆపరేటర్ వెళ్లింది ప్రాధాన్యాల జాబితాలోకి. అక్కడ అక్షరాలను పేర్చే పద్ధతిని మార్చి, వాక్యాన్ని మళ్లీ అతికించాక పేరు ‘లక్ష్మి’ అయింది. పెద్దాయన కళ్లజోడు పైకి జరిపి రెండుసార్లు చదువుకుని, సున్నాలూ ఒత్తులూ వేలితో తడిమి చూసి మరీ సంతకం పెట్టాడు.

‘లక్ష్మి’లో కంప్యూటర్ దాచుకునేవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని చూసి క కింద షకారపు ఒత్తు, దాని వెంట మకారపు ఒత్తు, పైన గుడి పేర్చి ఒక్క ముద్దగా చూపించే పని వేరే ఉంది. ఆ పని విండోస్‌కు వచ్చు. 2001లో ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చినప్పటి నుంచీ నోట్‌ప్యాడ్ లాంటి బీద ప్రోగ్రాం కూడా ‘లక్ష్మి’ని సరిగ్గా రాస్తోంది, ఎందుకంటే అది ఆ పనిని విండోస్‌కే వదిలేసింది. డబ్బు పోసి కొనే పెద్ద డిజైన్ ప్రోగ్రాములు మాత్రం మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ పుట అచ్చుగుద్దినట్టు ఒకేలా రావాలని అక్షరాలు పేర్చే పని తామే పెట్టుకున్నాయి. ఆ పేర్చేవాడికి ముందు వచ్చింది రోమన్ లిపి. తెలుగుతో కలిపి పది భారతీయ భాషలు ఇన్‌డిజైన్‌కు అందింది 2012 నాటి సీఎస్6లో. అది కూడా మామూలుగా తెరిస్తే దొరకదు, ‘వరల్డ్ రెడీ’ అనే కంపోజర్‌ను వెతికి ఎంచుకోవాలి. ఫోటోషాప్‌లోనూ అలాంటి మీటే ఒకటి ఉంది. అది ఎక్కడుందో తెలియని ఆపరేటర్, తప్పు తెలుగు ఫాంటుదేననుకుని అను ఫాంట్లకు, వాటితో నడిచే పేజ్‌మేకర్‌కు వెళ్లిపోయాడు. 2001 తర్వాత కొత్త వెర్షనే లేని పేజ్‌మేకర్ తెలుగు డీటీపీ దుకాణాల్లో ఇన్నేళ్లు బతకడానికి సగం కారణం ఇది. మిగతా సగం పోయినేడు పత్రిక ఫైలు, అదే తెరవాలి మరి.

కర్సర్ కథ ఇంకో రకం. ‘స్త్రీ’ని విండోస్ సొంత పెట్టెలో కొట్టి బాణం మీట నొక్కితే కర్సర్ అక్షరం మొత్తాన్ని ఒక్క గంతులో దాటుతుంది. బ్యాక్‌స్పేస్ కొడితే మాత్రం చివరి గుడి దీర్ఘం ఒక్కటే పోతుంది. దీర్ఘానికి బదులు హ్రస్వం పెట్టుకోవాలంటే ఒక్క మీట చాలు. ఈ రెండు నియమాలూ తెలుగు టైపిస్టుకు ఊపిరి లాంటివి, ఉన్నంతసేపూ ఉన్నాయని కూడా తెలియదు. సొంతంగా అక్షరాలు గీసుకునే కొన్ని యాప్‌లలో బ్యాక్‌స్పేస్ ఒక్క దెబ్బకు ‘స్త్రీ’ని మొత్తంగా మింగేస్తుంది, ఆరు మీటలూ మళ్లీ కొట్టాలి. మరికొన్నింట్లో కర్సర్ ఒత్తు కడుపులో నిలబడి ఎటూ కదలదు. వరస ఎత్తును ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేంతే ఇచ్చి, కిందకు దిగే ఒత్తులను సగానికి కోసేయడం మామూలే. అదంతా చెప్తూ పోతే పేజీ చాలదు.

అక్షరాల గళ్లు మార్చితే ఎంత చెయ్యి తిరిగిన కంపోజిటరైనా తడబడతాడని అచ్చుకూటాల వాళ్లకు తెలుసు. తెలుగు అచ్చు బొంబాయికి కొత్త కూడా కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో ఈ ఊళ్లోనే, ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టింది 1908 సెప్టెంబరులో ఈ ఊళ్లోనే. అది 1914లో దినపత్రికై మద్రాసు చేరింది. ఆనాటి కంపోజిటర్ రాతప్రతి మీద కళ్లు పెట్టి చేత్తో గళ్లలోంచి అక్షరాలు ఏరేవాడు. వాడి కింద గళ్లపెట్టెను రాత్రికి రాత్రి తిప్పి పెట్టి, ఇది కొత్త వెర్షన్ అని చెప్పే యజమాని ఒక్క రోజు కూడా ప్రెస్సు నడపలేడు. యాప్ యజమానులు నెలకోసారి ఇదే పని చేస్తున్నారు.

ఈ గొడవ ఎలక్ట్రాన్‌తో పుట్టలేదు. 1994లో మైక్రోసాఫ్ట్ విండోస్ వర్డ్‌నే మ్యాక్‌కు తర్జుమా చేసినట్టుగా వర్డ్ 6 పంపింది. నెమ్మదిగా నడవడం ఒకటి, మ్యాక్ పద్ధతులు పాటించకపోవడం ఒకటి. పాత 5.1 మాకు మళ్లీ ఇప్పించండని జనం అడిగారు, కంపెనీ ఇచ్చింది కూడా. ఆఫీస్ 98 నాటికి గానీ ఆ మచ్చ చెరగలేదు. 1995లో వచ్చిన జావా ‘ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి’ అని ఊరించింది. ఆ బూడిద రంగు కిటికీలు, ఏ కంప్యూటర్‌వీ కాని బొత్తాలు, డెస్క్‌టాప్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన ఫైలు పెట్టెలు పన్ను రిటర్నులు నింపిన ప్రతి అకౌంటెంటుకూ గుర్తుండే ఉంటాయి. ఆదాయపు పన్ను శాఖ కొన్నేళ్లు అదే పనికి జావా రూపంతో పాటు ఎక్సెల్ రూపాన్నీ ఇచ్చింది కాబట్టి సరిపోయింది.

అయితే మరి ట్యాలీ సంగతేమిటి? ఇది నా వాదాన్ని ఇరకాటంలో పెట్టే ప్రశ్న, తప్పించుకోను. కామాఠీపుర చుట్టుపక్కల పాత సామాను వ్యాపారుల గుమస్తాల దగ్గర నుంచి పెద్ద ఆఫీసుల దాకా అందరూ వాడే ట్యాలీ విండోస్ పద్ధతులను ఏనాడూ లెక్కచేయలేదు. కంట్రోల్ ఎ అంటే లోకమంతా ‘మొత్తం ఎంచుకో’, ట్యాలీలో ‘ఒప్పుకో, భద్రపరచు’. అయినా గుమస్తాలకు అది ప్రాణం. నాకు తోచిన కారణం చెప్తాను. ట్యాలీ 1986లో వచ్చింది, విండోస్ మన దుకాణాల్లోకి రాకముందే. తన పద్ధతిని తాను కట్టుకుని, దశాబ్దాల పాటు దాన్ని కాపాడింది. మౌస్ ముట్టకుండా వోచరు మొదలుపెట్టి ముగించవచ్చు. పోయినేడు నేర్చింది ఈ ఏడు పని చేస్తుంది. నేర్చుకున్నవాడి చేతికి ట్యాలీ ఇచ్చిన మర్యాద అది. ఇప్పటి యాప్‌లు విండోస్ మాట వినవు, సరే, తమ మాట మీదైనా నిలబడతాయా అంటే అదీ లేదు. నిన్న ఎడమ పక్కనున్న మెనూ ఇవాళ మూడు గీతల కింద దాక్కుంటుంది.

విండోస్, మ్యాక్ మాత్రం తప్పులు చేయవని కాదు. 2018 ఫిబ్రవరిలో లోకమంతా తెలుగు గురించి మాట్లాడుకుంది, అవమానకరమైన కారణానికి. ‘జ్ఞ’కూ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు పడితే చాలు, ఐఫోన్లలో సందేశాల యాప్ కుప్పకూలేది. ఆపిల్ సొంతంగా అక్షరాలు పేర్చే యంత్రాంగంలోనే ఆ లోపం ఉంది. అదే నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. గమనించాల్సింది ఒకటుంది: లోపం ఒక్కచోట ఉంది కాబట్టి ఒక్క సవరణతో అన్ని యాప్‌లూ బాగుపడ్డాయి. అక్షరాలు ఎవరికి వారే పేర్చుకునే యాప్‌లకు ఎవరి దగ్గర లోపం వాళ్ల దగ్గరే కుళ్లుతుంది. అందరికీ పనికొచ్చేలా రాసి, చక్కగా పని చేసేవీ ఉన్నాయి. హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాధనం క్రోమ్‌కు, ఫైర్‌ఫాక్స్‌కు, ఆండ్రాయిడ్‌కు, లిబ్రే ఆఫీసుకు ఒత్తులు పేర్చిపెడుతోంది. ‘లక్ష్మి’ ఇన్ని చోట్ల ఇవాళ ముక్కలు కాకుండా ఉందంటే దాని చలవ. ఎలక్ట్రాన్ మీదే నడిచే వీఎస్ కోడ్‌ను ప్రోగ్రామర్లు ఇష్టంగా వాడతారు. శ్రద్ధ పెట్టినవాడికి ఎలక్ట్రాన్ అడ్డురాలేదు.

శ్రద్ధ ఎవరి మీద పెట్టలేదో చూడాలంటే చూపు లేనివాళ్లను అడగాలి. 2006 నుంచి ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ తెర మీద మాటలను చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా. విండోస్ బొత్తానికి తన పేరు చెప్పడం పుట్టుకతో వచ్చు. యాప్ గీసుకున్న రంగు డబ్బాకు అది బొత్తమని రాసిన మనిషి చెప్తేనే తెలుస్తుంది. చెప్పకపోతే ఎన్‌వీడీఏకు అక్కడ ఏమీ లేదు.

ఇక పాత కంప్యూటర్ల బాధ. ఏ పనీ చేయని ఖాళీ ఎలక్ట్రాన్ యాప్ కూడా వంద ఎంబీ దాటుతుంది, దాని కడుపులో బ్రౌజర్ మొత్తం ఉంటుంది కనుక. నాలుగు యాప్‌లుంటే నాలుగు బ్రౌజర్లు. చాల్‌లో అందరికీ నల్లా ఉండగా ప్రతి కిరాయిదారూ తన గదిలో సొంత బోరు తవ్వుకున్నట్టుంది వ్యవహారం. 4 జీబీ మెమరీతో నెట్టుకొచ్చే దుకాణంలో ఫోటోషాప్ తెరవాలంటే ముందు చాటింగ్ యాప్ మూయాలి. పైగా ఆ బ్రౌజర్‌కు వయసు పరిమితి ఉంది. క్రోమ్ 109తో విండోస్ 7కు సెలవిచ్చింది, 2023 ఫిబ్రవరిలో ఎలక్ట్రాన్ 23 కూడా ఇచ్చేసింది. ఆ కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ ఇవాళ్టికీ లేస్తుంది. యాప్‌ల కొత్త వెర్షన్లు లేవవు.

వాట్సాప్ ఈ మొత్తం కథను ఒక్కటే నడిచి చూపింది. 2016లో కంప్యూటర్ యాప్ తెచ్చింది, లోపల బ్రౌజరే. 2022లో విండోస్ కోసమే రాసిన అసలు సిసలు యాప్ ఇచ్చింది. అది తేలిగ్గా లేచేది, చకచకా నడిచేది. 2025లో దాన్ని తీసేసి మళ్లీ వెబ్ పేజీని తొడిగిన రూపాన్నే పంపడం మొదలుపెట్టింది. డీటీపీ దుకాణానికి వాట్సాప్ గుమ్మం లాంటిది, మ్యాటర్ వచ్చేదీ ప్రూఫ్ వెళ్లేదీ అందులోంచే. మరి మీరేం చేశారని నేను కూర్చున్న దుకాణం ఆపరేటర్‌ను అడిగాను.

“తీసేసిన సర్. లోపల బ్రౌజరే ఉన్నప్పుడు, నా దగ్గర బ్రౌజర్ ఉండనే ఉన్నది కద. గండ్లనే ఒక ట్యాబ్ తెరుస్త. గంట అయినంక మూసేస్త,” అన్నాడు. డిజైన్ యాప్‌కు మాత్రం అలాంటి దారి దొరకలేదట. దాని కంపెనీకి సి, మ సంగతి రాద్దామని కూర్చుంటే, ఫిర్యాదు పెట్టెలో ఇంగ్లిష్‌కు తప్ప చోటు లేదు. మేనల్లుడు కాలేజీ నుంచి వచ్చాక రాయిస్తానన్నాడు.